అమ్మ అరగంట

పోయిన శనివారం మా అమ్మాయి నన్ను రుషికొండ దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టులో పెట్టింది. పెట్టింది అనడమే సబబు, ఎందుకంటే నన్నొక మాటైనా అడగకుండా గది తీసుకుని, సంచి సర్ది, కారెక్కించి, రెండు రోజుల పాటు ఏ పనీ ముట్టుకోకూడదనీ, ఊరికే అలా సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలనీ, అలా కూర్చుంటే మనిషికి మళ్లీ కొత్త ఓపిక వస్తుందనీ దారి పొడుగునా పాఠం చెప్పింది. వాళ్ల ఆఫీసులో ఏడాదికి ఇన్ని రోజులని బలవంతంగా సెలవు పెట్టిస్తారట, పెట్టకపోతే పై అధికారి పిలిచి మందలిస్తాడట! మా రోజుల్లో సెలవు అడిగితే మందలించేవాళ్లు. సరే, కూర్చున్నాను. గట్టిగా పది నిమిషాలు కూర్చున్నాను. ఆ తరవాత లేచి, బాల్కనీ కమ్మీల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను, తువ్వాళ్లన్నీ విప్పి నా పద్ధతిలో మళ్లీ మడతపెట్టాను, టీపాయి అద్దం మీద ఎవరివో వేలిముద్రలుంటే అవీ పోగొట్టాను. మర్నాడు తెల్లారకుండానే లేచి కిందికి దిగి, చీపురు ఎక్కడుంటుందని అడిగితే, కౌంటరులో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, గదిలో ఏమైనా ఒలికిందా మేడమ్ అని ఎంతో మర్యాదగా అడిగాడు. సాయంత్రం దాకా ఉండాల్సినవాళ్లం, ఆదివారం పొద్దున్న టిఫిను కాగానే ఇంటికొచ్చేశాం. మా అమ్మాయి కారు తలుపు ధడాలున వేసింది.

దాని కోపం న్యాయమైనదే. డెబ్భై దగ్గర పడుతున్నా నాకు కాలు ఒక్కచోట నిలవదు, నిలిస్తే లోపల ఏదో దొలుస్తున్నట్టుంటుంది, ఎవరో వెనక నిలబడి చూస్తున్నారనిపిస్తుంది. ఇది మీ అమ్మ పోలికే అంటుంటారు మా వాళ్లు. కాదు. మా అమ్మకు కూర్చోవడం తెలుసు. నాకు తెలిసినవాళ్లందరిలోనూ ఒక్క మా అమ్మకే తెలుసు. దాన్ని ఆమె నుంచి లాగేసుకున్నది నేను. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరి దగ్గరా అనలేదు. నా ఈడువాళ్లు చదువుతారు కదా, తిట్టుకున్నా అర్థం మాత్రం చేసుకుంటారు కదా అన్న ధైర్యంతో ఇవాళ చెబుతున్నాను.

మాది జాలరిపేట. నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. పొద్దెక్కకముందే ఒడ్డుకొచ్చిన తెప్పల దగ్గర అమ్మ, నాన్న తెచ్చినవాటికి తోడు వేలంపాటలో మరికొన్ని చేపలు కొనుక్కుని, తట్టకెత్తుకుని, పైన తడిపిన గోనెగుడ్డ కప్పి, చంకన కత్తిపీట పెట్టుకుని వాల్తేరు మిట్ట మీదికి నడిచేది. డాక్టర్లు, వకీళ్లు, కాలేజీ మేష్టర్లు ఉండే వీధులు అవి. గేటు దగ్గర కేక, లోపల బేరం, పెరట్లో చేపలు కోసివ్వడం, మళ్లీ ఇంకో గేటు. అలా మిట్ట మధ్యాహ్నానికి తట్ట ఖాళీ చేసుకుని, దారిలో బియ్యం కొనుక్కుని, మాకోసం అట్టే పెట్టిన నాలుగు చేపలతో ఇంటికొచ్చేది. అప్పుడు పొయ్యి అంటుకునేది. అంటే అమ్మ వస్తేనే మాకు అన్నం అన్నమాట. నాన్నమ్మ గుమ్మంలో, నాన్న వల బాగుచేసుకుంటూ పాకలో, నేనూ తమ్ముడూ వాకిట్లో, అందరం అమ్మ దారి చూస్తూ ఉండేవాళ్లం.

ఒంటిపూట బళ్ల రోజులు. నాకు పదకొండో పన్నెండో. బడి వదిలాక నా జట్టు పిల్ల ఇంట్లో ఉప్పూ కారం అద్దుకుని మామిడికాయ తినడం కోసం, రోజూ వచ్చే దారి కాకుండా బీచ్ రోడ్డుకు దిగే వాలు దారిన వచ్చాను. అక్కడ ఒక కల్వర్టు ఉండేది, దానికి మోకాలెత్తు పిట్టగోడ. ఆ గోడ మీద మా అమ్మ కూర్చుని ఉంది. ఖాళీ తట్ట పక్కన బోర్లించి ఉంది. అమ్మ నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు మా పేట ఆడవాళ్లు, సముద్రం గాలికి ఆరిపోకుండా. అది నాకు వింత కాదు, నాన్నమ్మా కాల్చేది. వింతేమిటంటే అమ్మ సముద్రం వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. కాళ్లు ఊపుతోంది. ఒక బస్సు పోయింది, దాని టాపు మీద కట్టిన నులకమంచం మీద ఒక కోడిపుంజు నిలబడి ఊరందరినీ అదిలిస్తున్నట్టు కూస్తోంది. అమ్మ అది చూసి, చుట్ట చేత్తో తీసేసి, ఒక్కతే పకపకా నవ్వింది.

ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మా అని పిలిచి పరుగెత్తి ఉంటే సరిపోయేది, అదీ చెయ్యలేదు. కడుపులో ఆకలి ఒకటీ, మమ్మల్ని ఇంట్లో ఎదురుచూడమని పెట్టి ఈవిడ ఇక్కడ నవ్వుకుంటోందన్న ఉక్రోషం ఒకటీ కలిసి, అమ్మకు కనిపించకుండా వెనక్కి తిరిగి, పరుగున ఇంటికి పోయి నాన్నమ్మ చెవిలో వేశాను. నా పితూరీ పూర్తయిందో లేదో, నాన్నమ్మ నోరు వీధి చివరిదాకా వినపడింది.

"ఓలమ్మో, మనం ఇక్కడ ఆకలితో సత్తంటే, అదక్కడ రోడ్డుమీద మారాణిలాగ కూకుని సుట్ట కాల్సుకుంతందా!"

అమ్మ వచ్చేసరికి మా గుమ్మం ముందు పేట సగం ఉంది. నాన్న చెడ్డవాడు కాదు, చెయ్యెత్తినవాడు కాదు. ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉందంది అమ్మ. మరెందుకు కూర్చున్నావన్నాడు. నడుం నొప్పి అనో, కళ్లు తిరిగాయనో అని ఉంటే అందరూ ఒప్పుకునేవారు, నాన్నమ్మ కూడా మిరియాల కషాయం పెట్టి ఇచ్చేది. ఊరికే కూర్చున్నాను అన్న మాట మాత్రం మా పేటలో ఎవరికీ అర్థమయ్యే మాట కాదు. మీ ఇళ్లల్లో మాత్రం అర్థమయ్యేదా చెప్పండి? ఊరికే కూర్చున్న ఆడదాన్ని చూడగానే ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒక పని గుర్తొచ్చే రోజులవి. అమ్మ నావైపు చూడను కూడా చూడలేదు, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి నాకు ఉద్యోగం వేశారు. బడి వదలగానే మిట్ట మీదికి పోయి, అమ్మ ఆఖరి బేరం దగ్గర పట్టుకుని, తిన్నగా ఇంటికి తోడుకుని రావాలి. బేగి తీసుకురా, దారిలో ఆగనీకు అని నాన్నమ్మ ఆజ్ఞ. ఆ కాపలా నాకు ఎంత గొప్పగా ఉండేదో! కత్తిపీట నేను పట్టుకుని, అమ్మ ముందూ నేను వెనకా, ఆ కల్వర్టు వచ్చేసరికి అమ్మ తల అటు తిప్పుతుందా లేదా అని చూసేదాన్ని. తిప్పేది కాదు. ఇంకా జోరుగా నడిచేది.

నెల తిరక్కుండానే అమ్మ వేరే మనిషైపోయింది. గిన్నెలు ఎత్తిపడేస్తే వీధికి వినపడేవి. తమ్ముడు అన్నంలో మెతుకు పారేస్తే వీపు చిట్లగొట్టింది. ఏళ్ల తరబడి చేపలు తీసుకునే వకీలుగారింట్లో ఒక మాటకు నాలుగు మాటలని ఆ బేరం పోగొట్టుకుంది. ఒకరోజు డాక్టరుగారి పెరట్లో వంజరం కోస్తూ కోస్తూ ఎటో చూసిందట, కత్తిపీట బొటనవేలిని ఎముక దాకా కోసేసింది. డాక్టరుగారే కుట్లు వేశారు. వారం రోజులు చేతికి గుడ్డ చుట్టుకునే తట్ట మోసింది, చేపలు ఆ ఇళ్లవాళ్లే కోసుకున్నారు. ఆ గుడ్డ చూశాక నాకు లోపల ఎక్కడో భయం పుట్టింది. అమ్మకు ఇలా అవుతున్నది ఆ గోడ లేకపోవడం వల్లేనని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. అది తిరిగి ఇచ్చెయ్యాలనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కల్వర్టు దగ్గర అమ్మ కొంగు పట్టుకుని ఆపాను.

"అమ్మా, కూకో. నాను ఎవురికీ సెప్పన్లే."

తట్ట దించి గోడ మీద కూర్చుంది. నేనూ పక్కన ఎక్కి కూర్చున్నాను. ఇప్పుడు నవ్వుతుందని ఎదురుచూశాను. అమ్మ రోడ్డు వైపు చూడలేదు. నా జడ ఊడిపోయి ఉంటే విప్పి అల్లడం మొదలెట్టింది, పరికిణీ అంచు చిరిగిందేమని అడిగింది, పొద్దున్న గంజి తాగావా లేదా అని అడిగింది. చుట్ట బొడ్లోనే ఉండిపోయింది. కాసేపటికి నన్ను ముందు వెళ్లమంది, వెనకాలే వస్తానంది. నేను వెళ్లనన్నాను. నాకూ ఆ గోడ మీద అమ్మ పక్కన కూర్చోవాలని ఉంది, అమ్మ అలా నవ్వితే అది నాకు దక్కాలని ఉంది.

"నువ్వు పక్కనుంటే నాను కూకున్నట్టు కాదే," అంది అమ్మ. కోపంగా కాదు, సంతలో రేటు చెప్పినంత మామూలుగా అంది. అని లేచి తట్ట ఎత్తుకుంది.

ఆ రాత్రి అమ్మకు నేనంటే ఇష్టం లేదని దుప్పట్లో ఏడ్చాను. వెళ్లమన్నప్పుడు వెళ్లిపోయి ఉంటే! ఆ నాలుగడుగులు వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. తరవాత బళ్లు రెండుపూటలయ్యాయి, నా కాపలా ఊడింది, కానీ అమ్మ మళ్లీ కూర్చోలేదు. కూర్చోవడానికి వీల్లేకుండా పోయింది, ఎందుకంటే పేటలో అందరికీ తెలిసిపోయింది. ఆ దారిన పోయే ప్రతివాళ్లూ, ఏటి మారాణీ, ఇయ్యాల కూకోనేదా అని పరాచికాలాడేవారు.

నేను చదివిన పదో తరగతికి టైపు తోడై, ఓడరేవు దగ్గర, ఓడల్లో వచ్చే సరుకు విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టునయ్యాను. ఓడ ఎవరికోసమూ ఆగదని మా యజమాని రోజుకు నాలుగుసార్లు అనేవాడు. కిటికీ మూసినా ఇనుప ఖనిజం దుమ్ము లోపలికొచ్చి మిషను మీద ఎర్రగా పరుచుకునేది, సాయంత్రానికి తెల్లచీర రంగు మారేది. నిలబడే టిఫిను తినేదాన్ని. ఒక్కరోజూ సెలవు పెట్టేదాన్ని కాదు, దానికి యజమాని అందరిముందూ నన్ను మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. మొదటి జీతం తీసుకున్న రోజు ఇంటికొచ్చి, ఇక అమ్మ తట్ట ఎత్తడానికి వీల్లేదు, ఇంట్లో హాయిగా కూర్చోవాలి అని ప్రకటించాను. పేటంతా మెచ్చుకుంది. కూతురంటే ఇలా ఉండాలన్నారు. చిన్నప్పటి తప్పు దిద్దుకున్నానని నా మట్టుకు నేను మురిసిపోయాను.

అమ్మ మొదటి వారం నిద్రపోయింది. రెండో వారం తోమిన గిన్నెలే తోమింది. ఆ తరవాత కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరగడం. నాన్నమ్మ అప్పటికి మంచం పట్టింది గానీ నోరు పట్టు తప్పలేదు, మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. అమ్మ గడప దాటితే చాలు, ఎక్కడికే అనేది. ఎక్కడికని చెబుతుంది? మా పేటలో తలమీద తట్ట ఉన్న ఆడదాన్ని ఎవరూ ఎక్కడికని అడగరు, పనికి పోతోందని తెలుస్తూనే ఉంటుంది. ఉత్త చేతులతో పోయేదాన్ని మాత్రం ప్రతి గుమ్మమూ ఆపి అడుగుతుంది. నేను అమ్మకు విశ్రాంతి ఇచ్చాననుకున్నాను, నిజానికి వాకిట్లో కట్టేశాను.

కొన్నాళ్లకు అమ్మ నెమ్మదించింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొహం తేటగా ఉండేది, కూరలో ఉప్పు సరిపోయేది. అలవాటు పడిందిలే అనుకున్నాను. అప్పుడు ఒకరోజు బస్సులో డాక్టరుగారి భార్య కనిపించింది. నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి, మీ అమ్మ ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగింది. రోజు విడిచి రోజు వస్తోందట. తలమీద తట్ట, పైన తడి గోనెగుడ్డ. ఏం చేపలు తెచ్చావంటే, ఇయ్యాల నేవమ్మా అని నవ్వి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతోందట. ఒకసారి దించుకుంటుంటే చూసిందట, తట్టలో ఏమీ లేదు, ఒట్టి గుడ్డే. అమ్మకు మతి చలించిందనుకున్నాను. మా పేటలో అలాంటి ముసలమ్మ ఒకామె ఉండేది, చచ్చిపోయిన కొడుకు తెప్ప కోసం రోజూ ఒడ్డున నిలబడేది. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని, తన ఊపిరి వింటూ, దీనికి ఆస్పత్రిలో ఎవరిని కలవాలో ఆలోచిస్తూ ఉండిపోయాను.

రెండు రోజులాగి, బతుకులో మొదటిసారి ఒక పూట సెలవు అడిగాను. ఎవరైనా పోయారా అన్నాడు యజమాని. బస్సెక్కి, కల్వర్టు దగ్గరి స్టాపులో దిగి వాల్తేరు మిట్ట మీద వెతుకుదామనుకున్నాను. కల్వర్టు స్టాపుకు ఇంకా కాస్త దూరం ఉందనగా లేచి ఫుట్‌బోర్డు దగ్గరికొచ్చాను. గోడ మీద అమ్మ కూర్చుని ఉంది. సముద్రానికి వీపు పెట్టి. పక్కన తట్ట, దానిమీద గోనెగుడ్డ చక్కగా ఆరేసి ఉంది. నోట్లో అడ్డపొగ. కళ్లల్లో పిచ్చి లేదు, దిగులు లేదు, ఏదీ లేదు. బస్సును చూసింది, డ్రైవరు నుంచి వెనక అద్దం దాకా మొత్తం బస్సును ఎంతో ఇష్టంగా చూసింది, అందులో నేను కనిపించలేదు. జుట్టు నెరుస్తున్న ఆ మనిషి కాళ్లు ఊపుతోంది.

కండక్టరు దిగండమ్మా అన్నాడు. నా కాలు ఒక మెట్టు కింద ఉంది. పరుగెత్తి పోయి అమ్మ ఒళ్లో తల పెట్టి క్షమించమని అడగాలనిపించింది, నిజంగా అనిపించింది. దిగలేదు. ఆఖరి స్టాపుకు టిక్కెట్టు కొట్టమన్నాను. కండక్టరు విసుక్కుంటూ రైట్ రైట్ అన్నాడు. ఆ పూటంతా నాకు పనేమీ లేదు. ఆ చివరిదాకా పోయి, ఈ చివరిదాకా వచ్చి, బస్సులోనే కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను, మధ్యలో ఎందుకో నవ్వూ వచ్చింది.

అప్పట్నుంచి నేను అబద్ధాలకు దిగాను. అమ్మకు ఎండుచేపల బేరాలు కుదిరాయనీ, ఎవరికేం కావాలో అడిగి రావడానికి నేనే పంపుతున్నాననీ నాన్నమ్మతో చెప్పాను. డాక్టరుగారి భార్యతో, మోకాళ్లకు నడక మంచిదన్నారు, తట్ట లేనిదే మావాళ్లకు నడక రాదు అన్నాను. తమ్ముడు ఒకసారి అమ్మను అక్కడ చూశానంటే, కాదు, వేరే ఎవరో అని దబాయించి వాడి నోరు మూయించాను. నాన్న ఏమీ అడగలేదు, ఆయనకు తెలుసేమో కూడా. అమ్మతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. నేను అనకపోయినా, నాన్నమ్మ దగ్గర నేను ఎండుచేపల కథ అల్లుతుంటే ఒక సాయంత్రం పొయ్యి దగ్గర్నుంచి అమ్మ మాట వినిపించింది.

"ఏటే గుంటా, నీకు అబద్ధాలాడ్డం బాగా వచ్చీసింది!"

అని నవ్వింది. నేను చిన్నప్పుడు ఉక్రోషపడ్డ ఆ నవ్వే, ఈసారి మా ఇంట్లో.

మోకాళ్లు మొరాయించేదాకా అమ్మ అలా వెళ్తూనే ఉంది. ఆ గోడ మీద కూర్చునే అరగంటలో ఏం ఆలోచించేదో నేనెన్నడూ అడగలేదు. అడిగితే మళ్లీ పక్కకెక్కి కూర్చున్నట్టే అయ్యేది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కల్వర్టూ పోయింది. ఇప్పుడు బీచ్ పొడుగునా సిమెంటు బల్లలు, ఆడవాళ్లు హాయిగా కూర్చుంటారు, ఎవరూ మారాణీ అని వెక్కిరించరు, ఆ మేరకు లోకం బాగుపడింది, కాదనను. కూర్చున్న మరుక్షణం ఫొటో తీసి ఇంటికి పంపిస్తారు.

మా అమ్మాయి నా ఫోనులో ఏదో పెట్టింది, నేనెక్కడున్నానో దానికి ఆఫీసులో బొమ్మలాగా కనిపిస్తుందట, నా క్షేమం కోసమే. కూరగాయలకని వెళ్లి దారిలో ఒక అరుగు మీద కాస్త ఆగితే చాలు, మోగుతుంది. అమ్మా, అక్కడ ఆగావేం, ఒంట్లో బాగోలేదా అంటుంది. బాగానే ఉన్నానే అంటాను. మరెందుకు ఆగావంటుంది. దానికి నామీద ప్రేమ, అది తప్పెలా అవుతుంది? వచ్చేస్తున్నాలే అని లేచి, సంచి తీసుకుని ఇంటి దారి పడతాను. నేనెక్కడున్నానో తెలిసి కూడా, తెలియదని నా తరఫున అబద్ధమాడే మనిషి నాకు లేదు.